తోక కత్తిరించిన జవాబులు

మార్చి 4

మర్యాద విభాగంలో పనిచేసేవాళ్ళు ఏ రోజు పని ఆ రోజు నోటితో చెప్పి నమోదు చేయాలన్నది సంస్థ నిబంధన. ఈ విభాగంలో ఉన్నది నేనొక్కదాన్నే. పేరు ఓబుళమ్మ, వయసు నలభై మూడు. ఆరేళ్ళ కిందటి దాకా, ఎండను పట్టి కరెంటు తీసే అద్దాల పొలంలో అద్దాలు కడిగేదాన్ని. ఒకరోజు పదకొండో వరసలో బిగింపు ఊడి ఒక అద్దం నా వైపు తిరిగింది. నేను చివరిసారి చూసింది దాన్నే. ఇక్కడ దాన్ని మెరుపు అంటారు. ఫలానా ఆమెకు మెరుపు తగిలింది అంటే చాలు, ఎవరూ వివరాలడగరు.

మెరుపు తగిలినవాళ్ళందరినీ సంస్థ చల్లవాడలో ఉంచుతుంది. నేల కింద తవ్విన గదుల వరసలు అవి. మొత్తం మూడు వందల పన్నెండు మందిమి. మాకు అక్కర్లేదని దీపాలు పెట్టలేదు. కళ్ళున్న చుట్టాలెవరైనా వస్తే ఎవరి దీపం వాళ్ళే తెచ్చుకోవాలి. నీళ్ళు, బియ్యం, మందులు, ఏది కావాలన్నా పైనున్న ఆఫీసుకు మెయిల్ పెట్టాలి. జవాబును పలుకుపెట్టె చదివి వినిపిస్తుంది. ఆఫీసులో కళ్ళున్న గుమాస్తాలు మాకు రాసే జవాబులు విని, ఎలా రాయాలో వాళ్ళకు నేర్పడం నా ఉద్యోగం.

ఈరోజు పొద్దున్నే నాలుగో గది సాలమ్మ తలుపు కొట్టింది. ఆమెకు మెరుపు తగిలి ఇంకా ఏడాది కాలేదు. గోడలు పట్టుకుని నడుస్తుంది.

"నీళ్ళోళ్ళకు నాలుగు మాటలడిగినా అక్కా. జవాబొచ్చింది. నలబై నిమిసాలు ఇన్న్యా. నేనడిగింది నాకే సదివిందే గానీ నీళ్ళొస్తాయో రావో సెప్పలా."

నేను విన్నాను. పైన ఒకటే వాక్యం. "మీ ప్రశ్నల మధ్యలోనే నా సమాధానాలు పచ్చరంగులో ఇచ్చాను, చూడగలరు." కింద ఎనిమిది నెలల పాత మెయిళ్ళన్నీ వేలాడుతున్నాయి. దాన్ని మేము తోక అంటాం. పాత లైను ప్రతిదాని ముందూ ఉండే గుర్తును కూడా పెట్టె వదలకుండా పలుకుతుంది. బాణం, బాణం, బాణం. అందులో ఎక్కడో పచ్చరంగు. పెట్టెకు రంగు తెలియదు.

జవాబుల గుమాస్తా చెన్నకేశవులును ఫోన్లో పిలిచాను. ముప్పై అయిదేళ్ళవాడు, నెమ్మదస్తుడు.

"పచ్చరంగని రాసింది నువ్వేనా?"

"అవునక్కా. అందరికీ అట్లనే రాస్తాం గదా."

"మాకు పచ్చా లేదు, ఎర్రా లేదు, చెన్నకేశవులూ. జవాబు మొట్టమొదట ఉండాల. ఎవరు అడిగినారో, ఎవరు చెప్తాండారో మాటల్లోనే తెలియాల. తోక కోసేయాల. ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

"రేపట్నుంచి మీ మూడో నియమానికి యంత్రమే వస్తాంది అక్కా. భార్గవి మేడమ్ ఒప్పుకున్నారు."

మూడో నియమం నేను రాసిందే. చదివేవాళ్ళకు అక్కర్లేనిది వాళ్ళ చెవిలో పోయకూడదు, పాత మెయిల్ కత్తిరించి జవాబు మాత్రమే పంపాలి. దానికోసం రెండేళ్ళు పోరాడాను. ఈ రోజు నమోదులో సంతోషం అని కూడా చెప్పుకోవచ్చా? చెప్పుకున్నాను.

మార్చి 19

యంత్రం వచ్చి రెండు వారాలైంది. చల్లవాడకు వచ్చే ప్రతి మెయిల్‌కూ తోక దానంతటదే తెగిపోతోంది. పెట్టెలు రెండు నిమిషాల్లో చదివేసి ఊరుకుంటున్నాయి. నీళ్ళు మంగళవారం వస్తాయని ఒక్క ముక్కలో చెప్పారని సాలమ్మ నా చేతులు పట్టుకుంది.

పాలనాధికారిణి భార్గవి మేడమ్ కిందికి దిగివచ్చి మాట్లాడారు. చూపులేనివారి పట్ల ఇంత మర్యాద పాటించే సంస్థ మరొకటి లేదని, అదంతా ఓబుళమ్మ గారి చలవేనని అన్నారు. చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయనకు మెయిల్ ఉంది. మారెప్ప అద్దాల బిగింపులు చూసే మేస్త్రీ. నాకు మెరుపు తగిలాక అయిదేళ్ళపాటు దీపం పట్టుకుని నాతోపాటు ఈ గదిలోనే ఉన్నాడు. నిరుడు మే తొమ్మిదిన ఆయనకూ తగిలింది. పలుకుపెట్టెతో మాట్లాడడం ఆయనకు గిట్టదు. ఆయన మెయిళ్ళకు జవాబు నేనే చెప్తాను.

వైద్య విభాగం నుంచి. "మారెప్ప గారికి. దిగువ తెలిపిన విషయం మీకు అందిందని, దానిపై మీకు ప్రశ్నలేవీ లేవని ఒక్క మాటలో తెలియజేయగలరు."

దిగువ ఏముందని పెట్టెను అడిగాను. పాత భాగం కత్తిరించబడింది అంది. నెలనెలా వచ్చే కంటిచుక్కల సంగతే అనుకున్నాను. మెయిల్ చక్కగా ఉంది. చిన్నగా, మర్యాదగా, నేను నేర్పినట్టే ఉంది.

"అందింది. ప్రశ్నలేవీ లేవు," అని చెప్పి పంపేశాను.

ఏప్రిల్ 11

పొద్దున నీళ్ళ తొట్టి దగ్గర గౌరక్క కలిసింది. కళ్ళున్న మనిషి. కడిగే యంత్రాలు రాకముందు తొమ్మిదో వరసలో కడుగుడువాళ్ళకు పెద్ద. పైనుంచి క్యాన్లు తెచ్చి దించుతోంది.

"మీవాళ్ళకు అంత పంతమేందే ఓబుళా?" అంది.

"ఏం పంతం?"

"అదే, పొర. కంటి లోపల ఏసే పొర. పడమటి పొలంలో మా పిన్నమ్మ బిడ్డకు ఏసినారు, శుబ్బరంగా కనపడతాంది. మీవాళ్ళకు పదిహేడు వచ్చినాయంట గదా. పదిహేడు మందీ వద్దన్న్యారంట. కళ్ళు వద్దనేవాళ్ళు యాడన్నా ఉంటారా అని మేమంతా అనుకుంటాండాం."

నా చేతిలో బిందె ఉంది. అది ఎప్పుడు కింద పెట్టానో గుర్తులేదు. మెట్లెక్కి ఆఫీసుకు వెళ్ళాను. చెన్నకేశవులు బల్ల ముందు నిలబడి, మార్చి పంతొమ్మిది నాటి మెయిల్ తోకతో సహా చదవమన్నాను.

కుర్చీ కిర్రుమంది. తర్వాత చదివాడు.

కంటి పరిశోధన కేంద్రం కొత్త పొర తయారుచేసింది. మెరుపు తగిలిన ఏడాదిలోపు వేస్తేనే పనిచేస్తుంది. ఏడాది దాటితే నరం ఎండిపోతుంది. ఈ పొలానికి పదిహేడు పొరలు కేటాయించారు. గడువులో ఉన్నవాళ్ళు పదిహేడు మంది, వాళ్ళ పేర్లు. ఎవరైనా ప్రశ్నలు లేవని తెలియజేస్తే, వారు వద్దన్నట్టు భావించి పొరను వేరే పొలానికి పంపవచ్చు.

జాబితాలో ఆరో పేరు మారెప్ప. పద్నాలుగోది సాలమ్మ.

నాకు ఆరేళ్ళు దాటాయి. నా పేరు అందులో లేదు. ఉండదు కూడా. దాని గురించి కాదు. మారెప్పకు ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది. పదిహేడులో ఇద్దరికి అప్పటికే గడువు దాటిపోయింది.

ఏప్రిల్ 12

చెన్నకేశవులును అతని భోజనాల వేళ మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"నీకు తెలుసా?"

"తెలుసక్కా."

"తెలిసి రాసినావా?"

"పైన రెండు వాక్యాలు రాయమన్నారు మేడమ్. కింది భాగం యంత్రం చూసుకుంటుందన్నారు. నేను అడిగినాను, వాళ్ళకు ఇది తెలియాల గదా మేడమ్ అని. మూడో నియమం చదవండి అన్నారు. అది మీరే గదక్కా రాసింది."

"అక్కర్లేనిది కోయమన్నాను. కళ్ళు అక్కర్లేదన్నానా?"

 అతను గొంతు తగ్గించాడు.

"పొర ఏసినోళ్ళను పనిలోకి తీసుకోవాలని కేంద్రం షరతు. మన పొలంలో కడగడానికి యంత్రాలొచ్చేసినాయి. పడమటి పొలంలో ఇంకా మనుషులే. పొరలు ఆడికి పోతే పని జరుగుతాది, ఇక్కడ ఏసి ఏం లాభమని పైన మాట్లాడుకున్నారు. నేను ఇన్నాను. నన్ను ఏమైనా అనక్కా, నాకు ఇద్దరు పిల్లోళ్ళు."

 కార్మిక విచారణాధికారికి ఫిర్యాదు పంపుతానని చెప్పాను. ఆయన సంస్థ మనిషి కాదు, బయటి ఊళ్ళో ఉంటాడు. పదిహేడు మందికీ సాయంత్రమే చెబుదామనుకున్నాను. ఫిర్యాదు రాసి పంపాక చెబితే బాగుంటుందని ఆగాను. ఆగడం ఎంత తేలిక!

ఏప్రిల్ 15

భార్గవి మేడమ్ పిలిపించారు.

"రండి ఓబుళమ్మ గారూ. కుర్చీ మీ కుడిచేతికి అడుగు దూరంలో ఉంది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను."

చూపులేనివాళ్ళకు అలా చెప్పాలని నేర్పింది నేనే. ఆమె ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

"విచారణాధికారికి రాస్తున్నారట."

"రాస్తాండాను మేడమ్."

"రాయండి. అది మీ హక్కు. వాళ్ళు మొదట అడిగేది, పాత భాగం కత్తిరించాలని నియమం పెట్టింది ఎవరని. తర్వాత మారెప్ప గారి పేరున వద్దని చెప్పిన గొంతు ఎవరిదని."

"నేను వద్దని చెప్పలేదు. కింద ఏముందో నాకు తెలియదు."

"దిగువ అనే మాట ఉంది కదా. ఎవరైనా అడిగారా, దిగువ ఏముందని? పదిహేడు మందిలో ఒక్కరు? మీరు?"

నేను పెట్టెను అడిగాను, ఆఫీసును అడగలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

గ్లాసులో నీళ్ళు పోసి, గ్లాసు నా వేళ్ళకు తగిలేలా పెట్టారు.

"ఒక పొర ఇంకా పంపలేదు. ఒక్కటే. మీ సేవలకు గుర్తింపుగా మారెప్ప గారికి వేయించగలను. దానికి ఒక ధ్రువపత్రం కావాలి. మార్చి పంతొమ్మిది నాటి మెయిల్ మీ నియమాల ప్రకారమే ఉందని, అందుకున్నవాళ్ళందరికీ విషయం పూర్తిగా అర్థమైందని మర్యాద విభాగం చెప్పాలి. అంతే."

"మిగతా వాళ్ళో?"

"వాళ్ళకు పొర వస్తుందని ఇప్పుడు ఎవరికీ తెలియదు. లేనిదాని కోసం ఎవరూ ఏడవరు, ఓబుళమ్మ గారూ."

"ఎప్పటిలోగా చెప్పాల?"

"రేపు పొద్దున పది గంటలు. తలుపు మీకు ఎదురుగానే ఉంది, ఆరడుగులు."

ఏప్రిల్ 16

పది గంటలకు అయిదు నిమిషాల ముందు వెళ్ళాను. ధ్రువపత్రానికి సంతకం ఉండదు, గొంతే సంతకం. గొంతు నమోదు చేసే యంత్రం ముందు నిలబడి చెప్పాను.

"మాట స్పష్టంగా లేదు. మళ్ళీ చెప్పండి," అంది యంత్రం.

మళ్ళీ చెప్పాను. అందుకున్నవారందరికీ విషయం పూర్తిగా అర్థమైందని ధ్రువీకరిస్తున్నాను. రెండోసారి నా గొంతు ఏమాత్రం వణకలేదు. అది నాకే ఆశ్చర్యం.

మారెప్పతో కేంద్రంవాళ్ళు చీటీలు తీస్తే నీ పేరు వచ్చిందని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకున్నాడు. ఎల్లుండికి ఇంకొకరి గడువు దాటుతుంది. ఆ పేరు నాకు తెలుసు. ఇక్కడ చెప్పను.

ఏప్రిల్ 24

మారెప్ప కళ్ళ కట్టు విప్పారు. నర్సు దీపం పట్టుకుంది. నేను మంచం పక్కన నిలబడ్డాను.

 ఆయన నా చెంప మీద వేలు పెట్టాడు.

"ఈ మచ్చ యప్పటిది?"

"ఏ మచ్చ?"

"చెవి కింద. కాలింది."

నూనె చింది కాలింది, పోయిన శ్రావణంలో. ఇద్దరం చూపులేనివాళ్ళమే కదా, ఎందుకు చెప్పాలనుకున్నాను.

"నాకు చెప్పకపోతివి," అన్నాడు. ఆ మాటతో ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆయన అనుకున్న కారణం వేరు, నాది వేరు.

గదికి వచ్చాక కనిపించిందల్లా చదవడం మొదలుపెట్టాడు. సబ్బు మీది అక్షరాలు, బియ్యం సంచి మీది ముద్ర, మందు సీసాల మీది తేదీలు. చీకటిపడేలోపే సాలమ్మ వచ్చింది. ఆయన రెప్పల మీద వేళ్ళు పెట్టి చూసింది.

"ఎట్లుందన్నా?"

"అద్దం కడిగినట్లుంది సాలమ్మా."

"నా వంతు యప్పుడక్కా? ఏడాది లోపలైతేనే ఏస్తారంట గదా, నాకింకా నిండలా."

"వస్తాది," అన్నాను.

"జూన్ రెండు దాకా ఉంది నాకు. చీటీలు మళ్ళా తీస్తారా?"

"తీస్తారు."

ఆమె వెళ్ళేటప్పుడు ఆయన దీపం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. సాలమ్మకు దీపం ఎందుకు?

ఏప్రిల్ 29

పని ఉత్తర్వు తెచ్చుకోవడానికి మారెప్ప పైకి వెళ్ళాడు. కళ్ళున్నవాళ్ళ మెయిళ్ళు ఆఫీసు గోడ మీది తెర మీద కనిపిస్తాయి. తోక కత్తిరించరు. ఆయన తన పేరు వెతికి, ఉత్తర్వు చదివి, దాని కిందికి చదువుకుంటూ పోయాడు. ఏప్రిల్ పదహారు. ఏప్రిల్ పదిహేను. మార్చి పంతొమ్మిది.

మధ్యాహ్నం తిరిగి వచ్చి, చెప్పులు విప్పకుండా నా ఎదురుగా నిలబడ్డాడు. ఒక కాగితం మీద అంతా ఎక్కించుకుని వచ్చాడు.

"చదువుతా ఇను," అన్నాడు.

"నాకు తెలుసు."

"తెలుసని నాకూ తెలుసు. ఇను."

మొత్తం చదివాడు. పేర్లు, తేదీలు, షరతు, నా జవాబు, నా ధ్రువపత్రం. ఎక్కడా ఆగలేదు.

"చీటీలంటివే."

"నీ కండ్లయ్యా."

"నా కండ్లు నేనడిగినానా? నన్ను ఒక్క మాట అడిగినావా?"

"అడిగితే వద్దందువు."

"వద్దందును," అన్నాడు.

తర్వాత బయటికి వెళ్ళి ఒకటో గదితో మొదలుపెట్టాడు. చల్లవాడ గోడలు పలచన. ప్రతి గదిలోనూ ఆయన మొదటి నుంచి చదవడం నాకు వినిపిస్తూనే ఉంది. ప్రతి చోటా ఓబుళమ్మ అనే పేరు వచ్చే దగ్గర గొంతు తగ్గించలేదు, పెంచలేదు. కుళ్ళాయప్ప గదిలో మాత్రం మధ్యలో ఆపేశాడు. కుళ్ళాయప్ప గడువు రెండు రోజుల కిందటే దాటింది.

మే 2

గడువు ఉన్నవాళ్ళంతా ఆఫీసుకు మెయిళ్ళు పెట్టారు. అందరికీ ఒకటే జవాబు వచ్చింది. "మీకు విషయం పూర్తిగా అర్థమైనట్లు మర్యాద విభాగం ధ్రువీకరించినందున మీ నిరాకరణ చెల్లుతుంది." పైన జవాబు, రంగులు లేవు, బొమ్మలు లేవు. నియమాలన్నీ పాటించారు.

నీళ్ళ తొట్టి దగ్గర నేను వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. ఎవరెవరు ఉన్నారో ఊపిరిని బట్టి పోల్చుకుంటున్నాను.

సాలమ్మ వచ్చింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"నువ్వు ఆడ యంత్రంతో ఏం సెప్పినావో అదే నాకు సెప్పక్కా."

"మారెప్ప చదివినాడు గదా."

"ఆయప్ప గొంతుతో ఇన్న్యా. నీ గొంతుతో ఇనాల."

చెప్పాను. అందుకున్నవారందరికీ విషయం పూర్తిగా అర్థమైందని ధ్రువీకరిస్తున్నాను.

"బాగా పలికినావు," అంది. గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

మే 3

ధ్రువపత్రాన్ని వెనక్కి తీసుకోవచ్చా అని ఆఫీసును అడిగాను. గంటలో జవాబు వచ్చింది. తీసుకోవచ్చు. విచారణాధికారికి స్వయంగా గొంతుతో చెప్పాలి. అయితే మారెప్ప గారి పొర ఆ ధ్రువపత్రం ఆధారంగా ఇచ్చిన ప్రత్యేక మినహాయింపు. ప్రతి పొరా సంస్థ పంపే సంకేతంతో నడుస్తుంది. ఆధారం పోతే సంకేతం ఆపవలసి ఉంటుంది.

మారెప్పకు వినిపించాను.

"పంపు," అన్నాడు.

పంపలేదు. ఆయన గుడ్డతో దీపం చిమ్నీ తుడుస్తున్నాడు. ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను.

మే 6

మూడు రోజులు పోయాయి. నిన్న కాక మొన్న రెండో వరస లింగమ్మ గడువు దాటింది. ఆమె వాకిట్లో ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

పొద్దున మారెప్ప నా పక్కన కూర్చున్నాడు.

"యందుకు పంపలేదు?"

"పంపితే మళ్ళా నీకు చీకటి."

"ఓబుళా, నేను దీపం పట్టుకోని ఈ గదులెంబడి పోతాంటే వాళ్ళు తలుపులు మూస్తాండారు. నీకు ఇనపడతాంది గదా? నాకు కనపడతాంది. ఆ మొగాలు సూసేకా ఈ కండ్లు?"

"నేను తప్పు చేసినా. దానికి నువ్వు కండ్లియ్యాల్నా?"

"ఇంగ యవురున్నారు ఇయ్యను? నీ దగ్గర లేవు."

ఆయన దయగా అనలేదు. కోపంగానూ అనలేదు. పలుకుపెట్టెను నా ముందుకు జరిపాడు.

చెప్పాను. "విచారణాధికారి గారికి. ఏప్రిల్ పదహారున నేను చెప్పింది అబద్ధం. పదిహేడు మందిలో ఎవరికీ విషయం చేరలేదు. చేరనివ్వకుండా కత్తిరించారు. కత్తిరించాలని నియమం రాసింది నేను. అబద్ధం చెప్పి ఒక పొర తీసుకున్నది నేను. ఆఫీసు తెర మీంచి ఎక్కించిన పాత మెయిళ్ళు మొత్తం దీని కింద ఉన్నాయి. ఒక్క అక్షరం తీయకుండా చదవండి."

స్పష్టంగా ఉందని పెట్టె ఒకేసారికి ఒప్పుకుంది.

మే 10

నిన్నటితో మారెప్పకు మెరుపు తగిలి ఏడాది నిండింది. ఇక ఎవరు దయతలచినా కొత్త పొర పట్టదు. నిన్న రోజంతా ఏమీ జరగలేదు. సంకేతం ఆపడం మరిచిపోయారేమోనని సాయంత్రం ఆశపడ్డాను.

ఈ పొద్దున దీపం దగ్గర పెట్టుకుని చాటలో బియ్యం ఏరుతున్నాడు. రాయి తీసి గిన్నెలో వేస్తే టిక్కుమంటుంది. పది దాటాక ఆ చప్పుడు ఆగింది.

"ఏమైంది?"

"దీపం ఆరిందా?" అన్నాడు.

లేచి వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. చిమ్నీ వేడిగా ఉంది. మంట సన్నగా ఉసురుసురంటోంది.

"లేదు," అన్నాను.

"సరే," అన్నాడు. కాసేపటికి చాట నా వైపు తోశాడు. దీపం నేనే ఆర్పాను.

పెట్టెలో మెయిల్ ఉంది. సంకేతం ఆపినట్టు, అసౌకర్యానికి చింతిస్తున్నట్టు. రెండే వాక్యాలు.

మే 20

విచారణాధికారి ఉత్తర్వు వచ్చింది. ధ్రువపత్రం చెల్లదు. పడమటి పొలానికి పంపగా వేయకుండా మిగిలిన పొరలు తెప్పించి, ఇప్పటికీ గడువులో ఉన్నవాళ్ళకు వేయాలి. ఉత్తర్వు రావడానికి పద్నాలుగు రోజులు పట్టింది. ఈలోగా మరో ఇద్దరికి దాటిపోయింది. మిగిలింది తొమ్మిది మంది. పొర వేసుకున్నవాళ్ళు పడమటి పొలంలో పనికి వెళ్ళాలన్న షరతు అలాగే ఉంది.

భార్గవి మేడమ్‌ను వేరే పొలానికి మార్చారు. వెళ్ళే ముందు అందరికీ పంపిన వీడ్కోలు మెయిల్ కూడా నియమాల ప్రకారమే ఉంది. చెన్నకేశవులు ఉద్యోగం పోయింది. అతనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఆ సంగతి చెప్పాడు. లోపలికి రమ్మని అనలేకపోయాను.

మర్యాద విభాగం రద్దయింది. నమోదు ఎవరూ అడగడం లేదు. అయినా చెబుతున్నాను.

జూన్ 12

తొమ్మిది మందికీ కనిపిస్తోంది. ఈరోజు పొద్దున వాళ్ళను పడమటి పొలానికి తీసుకెళ్ళే లారీ వచ్చింది. అద్దాలు కడిగే పనికే. ఏ మెరుపు వాళ్ళ కళ్ళు తీసిందో దాని ముందుకే.

మారెప్ప గుమ్మంలో కూర్చున్నాడు. పోతూ పోతూ ఒక్కొక్కరే ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "పోయొస్తామన్నా" అన్నారు. ఆయన పేరుపేరునా జవాబు చెప్పాడు. నేను లోపల గోడకు ఆనుకుని నిలబడ్డాను. నన్ను ఎవరూ పలకరించలేదు.

చివర్లో గాజుల చప్పుడు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. గోడ పట్టుకుని నడిచే నడక కాదు. తిన్నగా వచ్చి నా ముందు ఆగింది.

"సాలమ్మా," అన్నాను.

జవాబు లేదు. దీపం అగ్గి వాసన వచ్చింది. వేడి నా ముఖం దగ్గరికి వచ్చింది, నుదుటి దగ్గర ఆగింది, చెంప మీదుగా కిందికి దిగింది. ముఖం తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు.

"మొగం సూసి పోదామని వచ్చినా," అంది.

"చూసినావా?"

"సూసినా."

వెళ్ళిపోయింది. మెట్ల పైన లారీ మోత మొదలై, దూరమై, ఆగిపోయింది.

"ఏమన్నాది?" అని అడిగాడు మారెప్ప గుమ్మంలోంచి.

"ఏమీ అనలేదు," అన్నాను. "చూసిపోయింది."